ఎప్పుడో రద్దయిన బస్సును చూపించి తీసుకున్న డబ్బు వాపసు ఇవ్వాలని ఫిర్యాదు

నల్గొండ

బ్రాంచ్ మేనేజర్ గారికి,
విదేశీ విద్య కన్సల్టెన్సీ, నల్గొండ.

విషయం: టొరంటో వసతి ప్యాకేజీలో తప్పుడు రవాణా సమాచారం, రూ. 44,500 వాపసు కోసం.

అయ్యా,

మా అమ్మాయి ఈ జనవరిలో టొరంటోలోని యార్క్ యూనివర్సిటీలో చేరింది. అడ్మిషన్, వీసా పనులన్నీ మీ ఆఫీసు ద్వారానే జరిగాయి. వాటి మీద నాకు కంప్లైంట్ ఏమీ లేదు, ఫైలు టైముకే కదిలింది. నా ఫిర్యాదంతా మీరు విడిగా అమ్మిన వసతి ప్యాకేజీ గురించే. అందులో ‘ప్రీమియం లొకేషన్’ కింద రూ. 38,000, ‘అరైవల్ సపోర్ట్’ కింద రూ. 6,500 తీసుకున్నారు. రెండింటికీ మీరిచ్చిన రసీదులు నా దగ్గరున్నాయి. ఇంటి ఓనరుకు కట్టిన అద్దె, అడ్వాన్సు వేరే లెక్క, దాని జోలికి నేను పోవడం లేదు.

మీ బ్రోచర్‌లో ఆ రూమ్ ఫొటో కింద ఏం రాశారో ఒకసారి తీసి చూడండి. రూమ్ నుంచి డౌన్స్‌వ్యూ స్టేషన్‌కు 5 నిమిషాల నడక అని రాశారు. స్టేషన్ దగ్గరే 196 నంబరు ‘యార్క్ యూనివర్సిటీ రాకెట్’ బస్సు ఉంటుందన్నారు. బస్సుల కోసమే వేసిన ప్రత్యేక రోడ్డు మీద, ట్రాఫిక్‌తో పని లేకుండా క్యాంపస్ లోపలికే తీసుకెళ్తుందన్నారు. పైగా స్టూడెంట్లకు ఉచితమట. ఇందులో ఈ రోజు నిజమైన మాట ఒక్కటీ లేదు.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేరి, నల్గొండ బస్టాండ్‌లో కంట్రోలర్‌గా రిటైర్ అయినవాణ్ణి. సంక్రాంతి ముందు పంతంగి టోల్‌గేట్ దగ్గర మా బండ్లు వందల కార్ల మధ్య ఇరుక్కుపోతే, ఇక్కడ ప్లాట్‌ఫాం మీద జనానికి సమాధానం చెప్పుకున్నవాణ్ణి. బస్సుకంటూ ఒక రోడ్డు, అందులోకి కారు రాదు, లారీ రాదు, ఆటో అడ్డం తిరగదు అంటే ఆ సుఖం ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మీ లిస్టులో ఇంతకన్నా తక్కువ ధరకు వేరే రూములు ఉన్నా, ఆ ఒక్క మాట చూసే ఈ ప్యాకేజీ తీసుకున్నాం. చలికాలంలో ఆడపిల్ల రోడ్డు మీద ఎక్కువసేపు నిలబడకుండా ఉంటుందని ఇంట్లో అందరం అదే అనుకున్నాం.

ఆ రోడ్డు అబద్ధం కాదు. టొరంటో ఉత్తర భాగంలో, హైటెన్షన్ కరెంటు లైన్ల కింద ఖాళీగా ఉన్న జాగాలో, డఫరిన్ స్ట్రీట్ నుంచి కీల్ స్ట్రీట్ దాకా బస్సుల కోసమే దాన్ని వేశారు. 2009 నవంబర్‌లో తెరిచారు. అప్పటికి అక్కడి మెట్రో లైను డౌన్స్‌వ్యూ స్టేషన్‌తోనే ఆగిపోయేది. యూనివర్సిటీకి పోయే వేలమంది పిల్లలు అక్కడ దిగి బస్సు ఎక్కాలి. ఆ బస్సులు ఊరి ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా ఉండటానికి, మెట్రో క్యాంపస్ దాకా వచ్చేలోపు ఒక ఏర్పాటు కావాలి కాబట్టి ఆ రోడ్డు వేశారు. తాత్కాలికమే అయినా మంచి ఆలోచన, ఆ ప్లాన్ వేసినవాళ్లను మెచ్చుకోవాల్సిందే. అయితే అప్పుడు కూడా స్టేషన్ నుంచి క్యాంపస్ దాకా మొత్తం ప్రత్యేక రోడ్డు లేదు. మొదటి భాగం ఊరి రోడ్ల మీదుగానే. టికెట్ కూడా టొరంటో సిటీ బస్సులు, మెట్రో నడిపే టీటీసీ సంస్థ మామూలు టికెట్టే. ‘ఉచితం’ అన్న మాట మీ వాళ్లు ఎక్కడి నుంచి తెచ్చారో మీకే తెలియాలి.

ఇక 2017 డిసెంబర్ 17న ఆ మెట్రో లైనును 8.6 కిలోమీటర్లు పొడిగించారు. కొత్తగా ఆరు స్టేషన్లు వచ్చాయి. అందులో ఒకటి యార్క్ యూనివర్సిటీ, అదీ క్యాంపస్ నడిబొడ్డున. ఆ రోజుతో 196 రాకెట్ పని అయిపోయింది. దానికి కొన్ని నెలల ముందే డౌన్స్‌వ్యూ స్టేషన్ పేరు మార్చి ‘షెపర్డ్ వెస్ట్’ అని పెట్టారు. పాత పేరు ఎందుకు తీశారంటే, పొడిగించిన లైనులో తర్వాతి స్టేషన్ పేరే ‘డౌన్స్‌వ్యూ పార్క్’. రెండు డౌన్స్‌వ్యూలు పక్కపక్కనే ఉంటే జనం తికమక పడతారని ముందే జాగ్రత్త పడ్డారు. వాళ్లు అంత జాగ్రత్తగా తప్పించిన తికమకను మీరు ఇన్నేళ్ల తర్వాత మా అమ్మాయికి రూ. 6,500కు అమ్మారు.

ఎందుకంటే మీ ‘అరైవల్ సపోర్ట్’ అంటే ఎయిర్‌పోర్ట్‌కు మనిషిని పంపడం అనుకున్నాం. తీరా చూస్తే వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. ఎయిర్‌పోర్ట్ నుంచి కిప్లింగ్ స్టేషన్‌కు బస్సు, అక్కడి నుంచి మెట్రో, మధ్యలో లైను మారి ‘డౌన్స్‌వ్యూలో దిగు’ అని రాసి ఉంది. రాత్రి పూట, రెండు పెద్ద సూట్‌కేసులు, వీపున బ్యాగు. అమ్మాయి ఆ కాగితం ప్రకారమే బయల్దేరింది. రైల్లో ‘షెపర్డ్ వెస్ట్’ అని అనౌన్స్ చేశారు. అది తన స్టేషన్ కాదనుకుని కూర్చుంది. తర్వాత ‘డౌన్స్‌వ్యూ పార్క్’ అనగానే గబగబా సామాను లాక్కుని దిగేసింది. బయటికి వస్తే మంచు, ఖాళీ జాగా, నాలుగు దీపాలు. మీరు చెప్పిన రాకెట్ బస్సు బోర్డు కోసం స్టేషన్ చుట్టూ వెతికింది. ఒక చేతి గ్లవ్ తీసి ఫోన్ పట్టుకుని వీడియో కాల్‌లో నాకే చూపించింది: “నాన్నా, ఇక్కడ 196 అని ఎక్కడా లేదు.” ఇక్కడ తెల్లవారుజాము. నేను మీ పీడీఎఫ్ ముందు పెట్టుకుని కూర్చున్నాను, వాళ్ల అమ్మ పక్కన ఏడుపు ఒక్కటే తక్కువ. చివరికి స్టేషన్‌లో పనిచేసే ఒకాయన కాగితం చూసి నవ్వి, ఆ బస్సు తీసేసి చాలా ఏళ్లయిందని చెప్పి, వెనక్కి ఒక స్టేషన్ పంపించాడు.

అక్కడ దిగాక తెలిసింది, రూమ్ 5 నిమిషాల నడక కాదని. షెపర్డ్ వెస్ట్ నుంచి మళ్లీ మామూలు సిటీ బస్సు ఎక్కాలి. రోజూ కాలేజీకి అదే పని: రూమ్ దగ్గర బస్సు, షెపర్డ్ వెస్ట్‌లో మెట్రో, మూడో స్టేషన్ యార్క్ యూనివర్సిటీ. న్యాయంగా ఒక మాట చెప్పాలి. మెట్రో బాగుంది, త్వరగా పోతుంది, ఒకసారి కార్డు కొడితే రెండు గంటల దాకా బస్సుకూ మెట్రోకూ అదే చార్జీ కాబట్టి ఆ లెక్కన అదనపు ఖర్చు కూడా లేదు. నా ప్రశ్న వేరే. ఆ లైను మీద ఏ స్టేషన్‌కు దగ్గర రూమ్ తీసుకున్నా క్యాంపస్‌కు నేరుగా పోవచ్చు. అలాంటప్పుడు స్టేషన్‌కు నడవలేని రూమ్‌కు, లేని బస్సు పేరు చెప్పి, ‘ప్రీమియం లొకేషన్’ అని రూ. 38,000 ఎందుకు తీసుకున్నట్టు?

ఎల్బీనగర్‌కు మెట్రో 2018 సెప్టెంబర్‌లో వచ్చింది. అప్పటి నుంచి మన నల్గొండ బస్సు దిగిన పిల్లలు సగం మంది అక్కడే మెట్రో ఎక్కి అమీర్‌పేట పోతున్నారు. ఇప్పుడు ఎవరైనా హైదరాబాద్‌లో హాస్టల్ అమ్ముతూ, “ఎల్బీనగర్‌లో మెట్రో లేదు, మా హాస్టల్ ముందు నుంచే స్పెషల్ బస్సు ఉంది” అని డబ్బు గుంజితే మన ఊళ్లో ఊరుకుంటారా? టొరంటో దూరం కాబట్టి ఎవరూ చూడరనుకున్నారు, అంతే.

మీ కౌన్సిలర్ మేడమ్‌కు ఫోన్ చేస్తే ఏమన్నారో కూడా మీకు తెలియాలి. “అంకుల్, ఇవన్నీ చిన్న విషయాలు, ఇప్పటి పిల్లలు గూగుల్ మ్యాప్ చూసుకుంటారు” అన్నారు. గూగుల్ మ్యాప్‌లోనే చూసుకునేదైతే మీకు రూ. 6,500 ఎందుకు కట్టాలి? ఆ బ్రోచర్ అచ్చు వేసే ముందు అదే మ్యాప్ మీ ఆఫీసులో ఒక్కరు తెరిచినా సరిపోయేది. మా డిపోలో ఒక సర్వీసు రద్దయితే మర్నాటికల్లా బోర్డు మీద తుడిచేసేవాళ్లం. అది పెద్ద తెలివితేటల పని కాదు, చాక్‌పీస్, డస్టర్ ఉంటే చాలు.

ఇందుకు నేను అడిగేవి ఇవి. ‘ప్రీమియం లొకేషన్’, ‘అరైవల్ సపోర్ట్’ కింద తీసుకున్న రూ. 44,500 పూర్తిగా నా బ్యాంకు ఖాతాకు పంపండి. ‘వచ్చే సెమిస్టర్ ఫీజులో సర్దుతాం’, ‘కూపన్ ఇస్తాం’ వంటి మాటలు వద్దు. ఇదే ప్యాకేజీ తీసుకుని మే, సెప్టెంబర్‌లలో బయల్దేరే పిల్లలకు స్టేషన్ పేరు మారిందని, 196 బస్సు లేదని, నేరుగా మెట్రోలోనే యూనివర్సిటీకి పోవచ్చని రాతపూర్వకంగా చెప్పండి. ఆ బ్రోచర్‌ను టేబుల్ మీద నుంచి తీసేయండి. మొన్న కూడా గడియారం సెంటర్ దగ్గర మీ కుర్రాళ్లు అదే పంచుతున్నారు, నాకే ఒకటి ఇచ్చారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో ఆ చట్టంలో స్పష్టంగా ఉంది. మేము ఉండేది నల్గొండలోనే కాబట్టి కేసు ఇక్కడే నడుస్తుంది, మీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి నేను తిరగక్కర్లేదు. రూ. 5 లక్షల లోపు వాటికి కోర్టు ఫీజు కూడా లేదు. రిటైరైనవాణ్ణి, వాయిదాలకు రావడానికి నాకు టైముంది.

జవాబు ఫోన్‌లో వద్దు. కాగితం మీద, సంతకం, స్టాంపుతో పంపండి.

జత: రెండు రసీదుల నకళ్లు, బ్రోచర్‌లో ఆ పేజీ, మీరు పంపిన పీడీఎఫ్ ప్రింటు, మా అమ్మాయి తీసిన స్టేషన్ బోర్డు ఫొటో.

ఇట్లు,
విద్యార్థిని తండ్రి,
రామగిరి, నల్గొండ.