సామెత చెప్పేవాడి జేబు కూడా చూడాలి కదండీ

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

పోయిన ఆదివారం మీ పేపర్లో సామెతల మీద పెద్ద వ్యాసం వేశారు, వ్యాపారానికి కావాల్సిన తెలివంతా మన తాతలు సామెతల్లో పెట్టేశారని, ఎంబీయేలు ఎందుకని. బానే రాశారు, మా షాపులో కూర్చున్నవాళ్లు కూడా చదివి తలూపారు. మాది భీమవరం పక్కన రొయ్యల మేత, మందుల షాపు. రోజంతా మాకు వినపడేవి సామెతలేనండి. అప్పు అడిగేవాడూ సామెతే చెప్తాడు, ఇవ్వననేవాడూ సామెతే చెప్తాడు, చెరువు పోయినవాణ్ణి ఓదార్చడానికొచ్చినవాడు ఒకటికి రెండు చెప్పి టీ తాగి వెళ్తాడు. అందుకే ఈ ఉత్తరం.

నిదానమే ప్రధానం అని ఒకచోట, ఆలస్యం అమృతం విషం అని ఇంకోచోట, రెండూ వ్యాపారికి మంచి సలహాలే అన్నారు. రెండూ ఒకేసారి ఎలా పాటిస్తామండీ? చెరువులో రొయ్య వంద కౌంటుకొచ్చింది అనుకోండి, అంటే కిలోకి వంద తూగుతాయన్నమాట, ఇంకొన్నాళ్లు ఆపితే అరవైకి, యాభైకి వస్తుంది, రేటు బాగుంటుంది. ఈలోపు ఒకరోజు పొద్దున్నే, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత అలాగే ఉంది, రొయ్య చేతిలోకి తీసుకుంటే పేగు తెల్లగా కనపడుతోంది, గాలి కొట్టే మూలకి నీళ్ల మీద తెల్ల దారాల్లాగా రెట్ట తేలుతోంది, అంటే జబ్బు పట్టినట్టే. గట్టు మీద నిలబడ్డవాళ్లలో ఒకాయన నిదానమే ప్రధానం, ఒక వారం చూద్దాం అంటాడు, పక్కనున్నాయన దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి, రేపే పట్టేయరా అంటాడు. ఇద్దరూ అనుభవం ఉన్నోళ్లే. అలాంటప్పుడు తీయాల్సింది మేత పుస్తకం. వారం రోజుల్లో ఎన్ని బస్తాలు వేశాం, విసురు వల వేసి తూకం చూస్తే సగటున ఎన్ని గ్రాములు పెరిగింది, అంతే. కిలో రొయ్యకి కిలోన్నర లోపు మేతతో బయటపడాలి మామూలుగా, మేత మింగేస్తూ తూకం కదలట్లేదంటే లెక్క అక్కడే తేలిపోయింది. అయినా ఎవడూ పుస్తకం తీయడు, ఎందుకంటే సగం మందికి పుస్తకమే ఉండదు, కుర్రాడు గోడ మీద బొగ్గుతో రాసిన గీతలే లెక్క.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మీ వ్యాసంలో లేదు గానీ మా ఏరియాలో అన్నిటికన్నా ఎక్కువ కొంపలు ముంచిన సామెత ఒకటుంది, పోయిన చోటే వెతుక్కోవాలి. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు పొలాలు అమ్ముకున్న పెద్దవాళ్లని అడగండి, మొదటి పంట పోయినందుకు ఎవరూ అమ్ముకోలేదు, పోయిన చోటే వెతుక్కుందామని రెండోసారి, మూడోసారి వేసి అమ్ముకున్నారు. రొయ్య విషయంలో ఈ సామెత అక్షరాలా తప్పండి. పోయిన చోటే రోగం కూడా ఉంటుంది. ఈహెచ్‌పీ అని ఒక రొయ్యల రోగం ఉంది, చావు కనపడదు, రొయ్య ఎదగదు అంతే, దాని బీజాలు చెరువు అడుగు బురదలోనే ఉండిపోతాయి, చెరువు బాగా ఎండబెట్టి, దున్ని, ఘాటు సున్నం దండిగా చల్లి కొన్నాళ్లు వదిలేస్తే గానీ పోవు. ఆ కొన్నాళ్లు ఆగటానికి ఎవరికీ మనసొప్పదు, ఎందుకంటే లీజు ఏడాదికి ముందే కట్టేశారు, ఎండబెట్టినా లీజు లీజే, నీళ్లున్నా లీజే.

అలాగని వెతుక్కుని దొరికించుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు, 2009లో వనామీ అనే విదేశీ జాతి రొయ్యకి పర్మిషన్ ఇచ్చాక చాలామంది అదే చెరువుల్లో మళ్లీ నిలబడ్డారు. కానీ అప్పటికి రొయ్య జాతి మారింది, తల్లి రొయ్యలు విదేశాల నుంచొచ్చి చెన్నైలో క్వారంటైన్ అయ్యాకే పిల్లలు తీసే హేచరీకి వెళ్లాలి, చదరపు మీటరుకి 60 పిల్లలు మించి వేయొద్దు, ఇలా రూల్సు వచ్చాయి. చోటు ఒకటే గానీ మిగతా అంతా వేరే వ్యాపారం. (60 రూలు ఎంతమంది పాటిస్తున్నారని మాత్రం నన్ను అడగొద్దు. పిండి కొద్దీ రొట్టె అన్న సామెత నిజంగా పనికొచ్చేది ఇక్కడే, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఎన్నుంటే వాటికి సరిపడా పిల్లల్ని వేసుకుంటే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి పరిగెత్తే పని ఉండదు.)

ఇక్కడ ఒక విషయం నేను చెప్పకపోతే మీకు ఎవరూ చెప్పరు. పోయిన చోటే వెతుక్కోవాలి అని ఆ రైతుకి ఎక్కువగా చెప్పేది ఎవరనుకున్నారు, మేమే, మేత డీలర్లం. సాగు ఖర్చులో సగం పైన మేతే, అది పంట చివరి దాకా మా అప్పు మీదే నడుస్తుంది. చెరువు పోయి రైతు మానేశాడంటే మా బాకీ అక్కడే ఆగిపోయినట్టు. ఇంకో పంట వేస్తే వస్తుందేమోనని ఆశ, అందుకని భుజం మీద చెయ్యేసి, ధైర్యే సాహసే లక్ష్మి అన్నయ్యా, మేత నేను పంపిస్తాగా అంటాం. సామెత రైతుది కాదు మాది, నష్టం మాత్రం రైతుది. అదే రైతుకి బాకీ లేకుండా ఉంటే మేమే చెప్తాం, ఈ ఏడాది ఆగవయ్యా, చెరువు ఎండనీ అని.

అప్పిచ్చువాడు వైద్యుడు అని చిన్నప్పుడు పద్యం చదువుకున్నాం, అప్పిచ్చేవాడు వేరు వైద్యుడు వేరు, ఇద్దరూ ఉన్న ఊళ్లో ఉండమని అర్థం, మా దగ్గర మాత్రం నిజంగానే అప్పిచ్చేవాడే వైద్యుడు. రొయ్యకి జబ్బు చేస్తే మందు చెప్పేది కూడా షాపువాడే. బాకీ ఉన్న రైతు ఈ మినరల్ ఎందుకు, ఈ ప్రోబయాటిక్ ఎందుకు అని గట్టిగా అడగలేడు, బస్తా పక్కన డబ్బా పెట్టి ఆటో ఎక్కిస్తే ఖాతాలో పడిపోతుంది. పైగా బస్తా రేటు క్యాష్‌కి ఒకటి, అప్పుకి ఒకటి. ఇది మా వ్యాపారమే కాబట్టి రాస్తున్నా, రేపు మా తోటి డీలర్లు ఏమన్నా సరే.

రైతులు తక్కువ తిన్నారా అంటే అదీ కాదు. బాకీకి ప్రోనోటు రాయమంటే, నమ్మి చెడినవారు లేరు, మన మధ్య నోట్లేంటి బాబాయ్ అంటారు. దేవుడి గురించి చెప్పిన మాట మేత బస్తాలకి తగిలిస్తారు. మీ వ్యాసంలో అడగందే అమ్మైనా పెట్టదు అని రాశారు చూడండి, అది నూటికి నూరుపాళ్లు వ్యాపారస్తుడికే, కానీ ఎప్పుడు అడగాలో అందులో లేదు, చట్టంలో ఉంది. ప్రోనోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లు దాటితే కోర్టులో నిలవదు. ఈలోపు ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనకాల ఇంత ముట్టిందని చెల్లు రాయించి సంతకం పెట్టిస్తే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు. మొహమాటపడి పండక్కి చూద్దాం, రొయ్యల పట్టుబడికి చూద్దాం అంటూ బీరువాలో నోట్లు చెల్లకుండా చేసుకున్న షాపులు మా బజార్లోనే ఉన్నాయి.

సలహాగా కాకుండా ఉన్న మాట ఉన్నట్టు చెప్పిన సామెత ఒకటుంది, అమ్మబోతే అడవి కొనబోతే కొరివి. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు కౌంటు రేట్లు ఎలా పడ్డాయో మీ పేపరే రాసింది, మేత బస్తా రేటు అలా పడిందా మరి. ఆ సామెత కట్టినవాడు కచ్చితంగా పంట అమ్ముకునేవాడే అయ్యుంటాడు, అందులో ఎవడి బేరమూ లేదు, ఏడుపు తప్ప. వ్యాపారం మీద మనకున్న మిగతా సామెతల్లో చాలా భాగం ఫలానా కులంవాళ్లని ఎగతాళి చేసేవే, వాటిని మీరు ముట్టుకోలేదు, మంచి పని చేశారు.

ఒక రిక్వెస్టు అండి. సామెతల వ్యాసాలు మానేయమని అనను, మా ఆవిడకి ఇష్టం. దాంతోపాటు జిల్లా పేజీలో వంద నుంచి ముప్ఫై దాకా కౌంటు వారీ రేట్లు రోజూ ఒకే చోట, ఏ ఊరి రేటో పేరుతో సహా వేయండి, వాట్సాప్‌లో వచ్చేది కొనేవాడు పెట్టే రేటే. ప్రోనోటు గడువు, చెల్లు సంగతి కూడా ఒక లాయర్ గారి చేత రాయించి వేస్తే అటు రైతులకీ ఇటు మాకూ పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు, మేత డీలరు,
భీమవరం దగ్గర