ముప్పై ఏళ్ళ తుంటికి మూడేళ్ళ కాగితమా?

సంపాదకులకు నమస్కారం.

మా తమ్ముడికి 2011లో, ముప్పై నాలుగేళ్ళ వయసులో, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కుడి తుంటి మార్చారు. ఏవీఎన్ అన్నారు, అంటే తుంటి ఎముక తలకి రక్తం అందక చచ్చుబడిపోవడం. చిన్న వయసు కదా, ఎముక తల బదులు పెట్టే బాల్, అది తిరిగే కప్పు లోపలి పొర రెండూ సిరామిక్‌వే వేద్దాం, అరుగుదల చాలా తక్కువ, ముప్పై ఏళ్ళు చూసుకోనక్కర్లేదు అంటే అప్పు చేసి వేయించాం. పదమూడేళ్ళు వాడికి ఏ ఇబ్బందీ లేదు, బండి నడిపాడు, పొలానికి పోయాడు. 2024లో మెట్లెక్కుతుంటే తుంటిలోంచి కిర్రుమని చప్పుడు మొదలైంది, నూనె లేని తలుపు చప్పుడు లాగా, వెనకాల ఎక్కుతున్న నాకు కూడా వినపడేది.

స్కాన్‌లో కప్పు లోపలి సిరామిక్ అంచు పగిలిందని తేలింది. కొత్త డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ కంపెనీదమ్మా, ఏ సైజు, స్టిక్కర్లు ఏవీ?" ఇంప్లాంట్ పెట్టెతో కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు రాసి వచ్చే చీటీలవి. మా ఫైలంతా తిరగేస్తే డిశ్చార్జ్ సమ్మరీలో 'సిరామిక్ ఇంప్లాంట్' అన్న రెండు ముక్కలే ఉన్నాయి. పాత ఆస్పత్రికి పోతే అన్నేళ్ళ నాటి రికార్డులు ఉంచం అన్నారు. కోపం వచ్చింది గానీ, తర్వాత తెలిసింది, రూలే అలా ఉంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్ళు ఉంచితే చాలు.

వేసిన వస్తువేమో పాతికేళ్ళు ఒంట్లో ఉండాల్సింది, దాని కాగితం మూడేళ్ళకి పోవచ్చా?

ఇది కాగితాల గొడవే అనుకోకండి. ఎముకలో దిగిన కాడ మీద బాల్ కూర్చోవాలి, ఆ కాడ కొస కొలత కంపెనీకొక రకంగా ఉంటుంది. మావాడికి ఎక్స్‌రేలో కాడ ఆకారం చూసి ఏ కంపెనీదో పోల్చుకోవాల్సి వచ్చింది. ఇంకో సంగతి, ఇది నాకు నిద్ర పట్టనివ్వలేదు. సిరామిక్ పగిలితే కంటికి ఆనని పొడి లోపలే మిగులుతుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు. ఆ చోట లోహపు బాల్ వేస్తే ఆ పొడి ఉప్పుకాగితంలా దాన్ని గీకేస్తుంది, దానిలోని కోబాల్ట్ అనే లోహం రక్తంలో కలుస్తుంది. జర్మనీలోని మార్బర్గ్ ఆస్పత్రికి 2012లో ఒకాయన గుండె దెబ్బతిని, చూపూ వినికిడీ తగ్గిపోయి వచ్చాడు, కారణం చూస్తే ఇదే, పగిలిన సిరామిక్ తీసి లోహం వేశారు. అందుకే లోపల ఏముండేదో కాగితం చెప్పాలి.

బ్యాచ్ నంబరు కూడా అంతే ముఖ్యం. ఫ్రాన్స్‌లో సెయింట్ గోబెన్ డెమార్కెస్ట్ అనే కంపెనీ 1998లో జిర్కోనియా అనే రకం సిరామిక్ బాల్స్ కాల్చే కొలిమి మార్చింది, ఆ కొత్త కొలిమిలో తయారైన కొన్ని బ్యాచ్‌లు పగలడం మొదలై 2001లో వెనక్కి తీసుకున్నారు. మీ బాల్ ఆ బ్యాచ్‌దో కాదో నంబరు లేకపోతే ఎలా తెలుస్తుంది? మన దగ్గర డెప్యూ కంపెనీ ఏఎస్ఆర్ అనే లోహపు తుంటి విషయంలో జరిగింది ఇదే కదా, 2010లో వెనక్కి తీసుకున్నారు, దాదాపు 4,700 ఆపరేషన్లు జరిగితే వేలమంది ఆచూకీయే దొరకలేదు.

సిరామిక్ వద్దని నేననడం లేదు. ఇప్పటివి పగలడం చాలా అరుదు. కానీ తుంటి ఇంప్లాంట్లలో 58 శాతం పాతికేళ్ళు నిలుస్తాయని 2019లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన లెక్క ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ రిజిస్టర్లది, అంటే ఎవరికి ఏ ఇంప్లాంట్ వేశారో, ఎన్నేళ్ళు నిలిచిందో రాసిపెట్టే పుస్తకాలది. స్వీడన్ 1979 నుంచే రాసిపెట్టుకుంటోంది. ఇక్కడ తుంటి, మోకాలి సర్జన్ల సంఘం 2006 నుంచి రిజిస్ట్రీ నడుపుతోంది గానీ వివరాలు పంపాలా వద్దా అన్నది డాక్టర్ల ఇష్టం. కింద కూర్చుని తినేవాళ్ళు, ముప్పైల్లోనే తుంటి పోయినవాళ్ళు ఇంతమంది ఉన్న మన దగ్గర ఏది ఎన్నేళ్ళు వస్తోందో మన లెక్క మనకి ఉండాలి. ప్రభుత్వం రిజిస్ట్రీకి వివరాలు పంపడం తప్పనిసరి చేయాలి, ఇంప్లాంట్ రికార్డు మనిషి బతికున్నంతకాలం ఉంచాలని రూలు మార్చాలి.

అప్పటిదాకా ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు డిశ్చార్జ్ రోజే స్టిక్కర్లు అడిగి తీసుకోండి, ఫోన్లో ఫొటో తీసి ఇద్దరికి పంపండి. మా తమ్ముడికి ఈసారి మళ్ళీ సిరామిక్ బాలే వేశారు. నాలుగు స్టిక్కర్లూ లామినేషన్ చేయించి పట్టాదారు పాసుపుస్తకంతో పాటు బీరువాలో పెట్టాను.

- ఒక పాఠకురాలు, ఖమ్మం