మాస్టారి సన్మానానికి వచ్చిన అందరికీ, ముఖ్యంగా ఆ ఆటో తమ్ముడికి

రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరాను. కాళ్ళు పీకేస్తున్నాయి, అయినా నిద్ర రావట్లేదు.

నిన్న ఆమదాలవలస దగ్గర మా ఊరి హైస్కూల్ గ్రౌండులో మా వెయిట్‌లిఫ్టింగ్ మాస్టారికి సన్మానం చేసుకున్నాం. 2000 సెప్టెంబరులో మన కరణం మల్లీశ్వరి సిడ్నీలో స్నాచ్‌లో (ఒక్క ఊపున తల పైకి ఎత్తడం) 110, జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ వారమే మాస్టారు మా ఇంటికొచ్చారు. "ఆడపిల్లకి బరువులేంటండీ" అన్న మా నాన్న కోసం నాలుగుసార్లు తిరిగారు. ఆడపిల్లల బార్, అంటే బరువులు తగిలించే కడ్డీ, 15 కిలోలుండాలి. మాకది లేదు, మగపిల్లల 20 కిలోల బారే గతి. తెల్లారి ఐదింటికల్లా షెడ్డు తాళం తీసి, నానబెట్టిన శనగలు గుప్పెడేసి మా చేతుల్లో పోసేవారు. ఏ రోజూ రూపాయి తీసుకోలేదు.

నిన్న నాలుగింటికి వాన దంచేసింది. మాట్లాడుకున్న కారు రాలేదు. మాస్టారు మోకాళ్ళ నొప్పులతో నడవలేరు. రోడ్డు మీద చెయ్యెత్తితే ఒక ఆటో ఆగింది. తీరా గ్రౌండు గేటు దగ్గర దిగితే అంతా బురద. ఆ తమ్ముడు "ఎక్కండి తాతా" అని వంగి, మాస్టారిని వీపున వేసుకున్నాడు. సగం దూరంలో కాలు జారి మోకాలి మీద పడ్డాడు గానీ ఆయన్ని వదల్లేదు. స్టేజీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, పరుగున వెళ్ళి నీళ్ళ బాటిల్ తెచ్చి, బురదైన ఆయన పాదాలు కడిగాడు. భుజం మీది తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడిచాడు. "పెద్దాయన బురదకాళ్ళతో స్టేజీ ఎక్కితే బాగోదు కదండీ" అన్నాడు. అక్కడే నాకు ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ళ శిష్యులం, మాలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. పేరడిగేలోపే ఆటో తిప్పేసుకుని వెళ్ళిపోయాడు.

తమ్ముడూ, నీ రుణం ఎలా తీర్చుకోను?

ఒక మాట అనకుండా ఉండలేను. పటియాలా జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమా లేదని మాస్టారికి కోచ్ ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన శిష్యులు స్పోర్ట్స్ కోటాలో పోలీసులయ్యారు, రైల్వేలో చేరారు. ఆయనకి మాత్రం పెన్షన్ లేదు, గుర్తింపూ లేదు. షెడ్డు రేకులు మార్చమని పెట్టిన అర్జీలకి ఇప్పటికీ జవాబు లేదు. చాలా బాధగా ఉంది.

మా ఆయన, అత్తయ్య పిల్లల్ని చూసుకున్నారు. వాళ్ళకి ఇంట్లోనే చెప్పుకుంటాను.

గ్రౌండు ఇచ్చిన హెడ్మాస్టరు గారికి, జమ్మూలో డ్యూటీలో ఉండి కూడా ఫోన్‌పే చేసిన మన బ్యాచ్ తమ్ముళ్ళకి నమస్కారాలు. మీ డబ్బుతోనే శాలువాతో పాటు 15 కిలోల కొత్త బార్ వచ్చింది. మాస్టారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమురుతూ కూర్చున్నారు.

అయ్యో, పులిహోర చేసిన పిన్నిగార్లని మర్చిపోయాను! కరెంటు పోతే జనరేటర్ తెచ్చిన మైక్‌సెట్ బాబుని కూడా.

ఆ తమ్ముడి తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది. ఉతికి ఆరేశాను. ఆటో వెనకాల "అమ్మ దీవెన" అని రాసుంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, నేనే వచ్చి ఇస్తాను.