ఆదివారం పొద్దున్న కొట్టు ఎందుకు తెరవలేదంటే

పర్లాకిమిడిలో మా టిఫిన్ కొట్టుకి వచ్చే అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం మీలో చాలామంది ఆరింటికే వచ్చి, మూసిన తలుపు చూసి తిరిగి వెళ్ళారు. పాతపట్నం నుంచి బండి మీద వచ్చినవాళ్ళూ ఉన్నారట. బోర్డు పెట్టలేదు, గ్రూపులో మెసేజ్ కూడా పెట్టలేదు. తప్పు నాదే. ఒంట్లో బాగోలేదని చెప్పేయొచ్చు, కానీ మీతో అబద్ధం ఆడలేను. శనివారం రాత్రి పక్కింటి వదినతో కరోకేకి వెళ్ళాను, అంటే ట్రాక్ మ్యూజిక్ వేస్తే తెర మీద మాటలు చూస్తూ పాడడం.

వదిన బట్టలు కుడుతుంది. పన్నెండేళ్ళుగా నేను వెనక వసారాలో పప్పు కడుగుతుంటే గోడ అవతల నుంచి కుట్టుమిషను చప్పుడూ, ఆవిడ పాటా కలిసే వినిపిస్తాయి. సుశీల గారి పాటలే ఎక్కువ. సుశీల గారిది మన విజయనగరమేనని ఆవిడకి ఎంత సంతోషమో! అంత బాగా పాడే మనిషి ఇల్లు దాటి ఏనాడూ పాడలేదు. ఊళ్ళో ఒక హాల్లో కరోకే పెడుతున్నారని తెలిసి నేనే బతిమాలాను.

"ఏటి వదినా, భయమా?" అన్నాను.

"భయం కాదమ్మా. తెర మీద తెలుగు అక్షరాలొస్తాయి. నానేటి చదవగలను?" అంది.

ఆవిడ మాట తెలుగే, చదువు మాత్రం ఒడియా మీడియం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన ఊరు ఒడిశాలోకి వెళ్ళింది, పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళకి తెలుగు చదవడం రాకపోవడం నాకు ఎప్పుడూ బాధే.

నాలుగు సాయంత్రాలు నేను చెబుతుంటే ఆవిడ పాటని ఒడియా అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకుంది. ఒడియాలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం. ఒ, ఓ కూడా అంతే. అందుకని పొట్టిగా పలకాల్సిన చోటల్లా ఎర్ర పెన్నుతో చుక్క పెట్టుకుంది. ఆ ఆలోచన ఆవిడదే.

హాల్లో కుర్రాడు మొదట ట్రాక్ స్కేలు కాస్త తగ్గించాడు, ఎకో కూడా తగ్గించమని నేనడిగాను. పల్లవి చక్కగా వచ్చింది. మధ్యలో మ్యూజిక్ అయ్యాక చరణం ఎత్తుకోవడంలో ఆలస్యమైంది. హార్మోనియం వాయించే మనిషైతే ఇంకో చుట్టు తిప్పి ఆగుతాడు, ట్రాక్ ఆగదు కదా. టెన్షన్‌తో పుస్తకం పట్టుకున్న చెయ్యి వణికింది. పక్కనే నిలబడి రెండో లైను మొదటి మాట అందించాను. అక్కడి నుంచి పుస్తకం మూసేసి, కళ్ళు మూసుకుని పాడింది. అయిపోయాక వెనక బల్ల మీద కూర్చున్న ఒడియా కుర్రాళ్ళు ఇంకోటి పాడమన్నారు. అలా మూడు పాటలయ్యాయి.

ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. పప్పు సాయంత్రమే నానబెట్టాను గానీ రుబ్బేసరికి పన్నెండు దాటింది. ఈ చలికి ఐదు గంటల్లో పిండి ఏం పొంగుతుంది? తెల్లవారి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. సోడా వేసి లాగించేయొచ్చు, కానీ మా కొట్టులో ఎప్పుడూ వెయ్యలేదు. గట్టి ఇడ్లీ మీ పిల్లలకి పెట్టడం కన్నా మూసేయడమే నయమనుకున్నాను. మీకు కబురు చెయ్యకపోవడమే నేను చేసిన పొరపాటు.

అరవై ఇడ్లీలు ముందే చెప్పిన ఇంటికి వెళ్ళి అడ్వాన్సు తిరిగి ఇచ్చేశాను. వాళ్ళ ఇంట్లో జరిగే తర్వాతి పనికి అరవై ఇడ్లీలు డబ్బు తీసుకోకుండా పంపుతాను.

వచ్చే నెల చివరి శనివారం మళ్ళీ వెళ్తున్నాం. ఆ మర్నాడు ఇడ్లీ, దోసె ఉండవు. ఏడున్నర నుంచి ఉప్మా, గారెలు ఉంటాయి. గారెల పిండి పులవక్కర్లేదు, పొద్దున్నే రుబ్బుకోవచ్చు. గురువారమే బోర్డు పెడతాను, గ్రూపులోనూ చెబుతాను. వదిన ఇప్పటికే రెండు కొత్త పాటలు రాసుకుంది, చుక్కలు పెట్టడమే మిగిలింది.