చెమ్మ గోడకు రంగు నిలవదు

సంపాదకునికి,

అద్దె ఫ్లాట్ ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులోంచి నెల అద్దె పట్టుకోవడం హైదరాబాద్‌లో మామూలైపోయింది. ఆ డబ్బుతో జరిగేది మాత్రం పైపైన పూత. బాత్రూమ్‌ అవతలి గోడ చూడండి. అడుగున జానెడు ఎత్తున రంగు పొక్కులు లేచి ఉంటుంది, వేలితో గీరితే తెల్లటి ఉప్పుపొడి రాలుతుంది. తప్పు రంగుది కాదు, టైల్స్ సందుల్లోంచి దిగే నీటిది. తడి గోడకే లప్పం (గోడ నునుపు చేసే పుట్టీ) పెడితే వానాకాలం దాటదు.

ముందు లీకు ఆపాలి. గుల్లబారిన ప్లాస్టర్‌ని ఇటుక కనిపించేదాకా చెక్కి, మళ్లీ పూసి, వారం నీళ్లు పట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరడానికి వారాలు పడుతుంది, ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. ఆ తర్వాతే పలచగా రెండుసార్లు లప్పం, ఎమెరీ పేపర్‌తో రుద్దుడు, రంగు పట్టేందుకు ప్రైమర్ పూత, రెండు కోటింగుల ఎమల్షన్ రంగు. కోటింగుల మధ్య నాలుగు గంటలైనా ఆగాలి. స్విచ్‌బోర్డుల మీద, తలుపు బందుల మీద రంగు పులమడం మరీ అన్యాయం.

ఒప్పందంలో వేరే రాసుకోకపోతే గోడల సున్నం, తలుపుల రంగు, పైపుల మార్పిడి యజమాని పనులేనని, రాష్ట్రాలు అనుసరించడానికి కేంద్రం రూపొందించిన 2021 నమూనా అద్దె చట్టం చెబుతోంది. కాబట్టి సంతకానికి ముందే పెయింటింగ్ షరతు చదవండి, చేరిన రోజే చెమ్మ మరకలను తేదీతో ఫొటోలు తీసి యజమానికి పంపండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్