శ్రీకాకుళం క్యాజువాలిటీ రాత్రి డ్యూటీ వాళ్ళకి మా దండాలు
తాగుడు మానేసిన మూడో రోజు. చేతులు వణుకుతూ, గోడ మీద లేని పురుగుల్ని ఏరుతూ, పట్టుకోబోతే తిరగబడే మనిషిని 108లోంచి దించితే మామూలుగా వినబడే మాట: "ఇది సైక్ (మానసిక రోగం) కేసు, విశాఖ తీసుకుపోండి." ఆ మాట అనకుండా, అరుపుల మధ్యే వేలు పట్టుకుని సుగర్ చూసిన సిస్టరు గారికి ముందు దండం.

సుగర్, జ్వరం, నాడి, బీపీ, ఆక్సిజన్ చూశారు. తలంతా తడిమి దెబ్బ ఉందేమో వెతికారు. సుగర్ పడిపోయినా, సోడియం తగ్గినా, మెదడువాపు వచ్చినా మనిషి అచ్చం ఇలాగే ఉంటాడు. ఉన్నట్టుండి మొదలై, పూటకోలా మారుతూ, ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా తెలియకపోతే కారణం ఒంట్లో వెతకాల్సిందే. చీటీ మీద "సైక్" అని పడిందా, ఇక ఎవరూ వెతకరు.

డ్యూటీ డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరుసారి ఎప్పుడు తాగాడు?" మందు ఎంపికంతా దాని మీదే ఉంది. ఇలాంటివాళ్ళకి హాలోపెరిడాల్ (మానసిక రోగాల్లో వాడే మందు) ఒక్కటే పొడిస్తే ఫిట్స్ ముప్పు పెరుగుతుంది. అందుకే లోరజెపామ్ అనే మత్తు మందు 2 మిల్లీగ్రాములు నరంలోకి నెమ్మదిగా ఇచ్చారు. గ్లూకోజ్ సీసా కంటే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఎక్కించారు. (సుగర్ బాగా పడిపోయి ఉంటే మాత్రం గ్లూకోజ్ ఆపకూడదు, రెండూ కలిపి ఇస్తారు.) తర్వాత పావుగంటకోసారి ఊపిరి లెక్కపెట్టారు. చాలాచోట్ల ఎగిరిపోయేది ఈ పనే. మనిషి పడుకున్నాడు కదా అని అందరూ వెళ్ళిపోతారు.

మంచానికి కట్టలేదు. బోర్లా పడేసి మీద కూర్చోలేదు. మూగిన జనాన్ని బయటికి పంపి, ఎంఎన్‌ఓ (మగ నర్సింగ్ సహాయకుడు) అన్నయ్య ఒక్కడే పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడాడు. నలుగురూ నాలుగు మాటలంటే ఆ బుర్రకి ఒక్కటీ ఎక్కదు.

మత్తిచ్చి విశాఖ తోలేయకపోవడం అన్నిటికంటే పెద్ద మేలు. కారు వెనక సీట్లో వెల్లకిలా సుమారు వంద కిలోమీటర్లు పోతే, దారిలో నాలుక వెనక్కి పడినా, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయినా చూసేదెవరు? సైకియాట్రిస్టు లేరనడం కూడా సాకే. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రిజిస్టరైన ఏ డాక్టరైనా, రోగి తరఫు ప్రతినిధి అందుబాటులో ఉంటే వారి సమ్మతితో, 72 గంటల దాకా అత్యవసర వైద్యం చేయొచ్చు.

ఒక్క మనవి. ఇచ్చిన మందు, మోతాదు రాశారు గానీ టైము రాయలేదు. వార్డులో పొద్దున్న డ్యూటీకొచ్చిన వాళ్ళు తర్వాతి డోసు ఎప్పుడివ్వాలో తేల్చుకోలేకపోయారు. కేసు షీట్లో ఆ గడి కూడా నింపండి.

డిశ్చార్జి చీటీ వెనక 14416, టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు, పెన్నుతో రాసి, కింద గీత గీసి ఇచ్చిన హౌస్ సర్జన్ అమ్మాయికి కూడా దండాలు.