నగరపు చెట్టు నిత్యవాడుక స్టాంపు మీదికి రావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

ప్రకృతి మీద కొత్త రకం స్టాంపు వచ్చిందంటే విడుదల సభ జరుగుతుంది, తొలిరోజు కవర్లు (విడుదల రోజునే కొత్త స్టాంపు అంటించి ముద్ర వేసిన కవర్లు) అమ్ముడవుతాయి. తీరా చూస్తే ఆ స్టాంపు అంటించిన ఉత్తరం మాత్రం ఎవరి గుమ్మానికీ రాదు. నా బాధంతా అదే.

ప్రయోగాలకు కొదవ లేదు. భారత తపాలా శాఖ 2006లో గంధపు వాసన స్టాంపు తెచ్చింది, మరుసటి ఏడాది గులాబీ, 2008లో మల్లె. పోర్చుగల్ 2007లో ఏకంగా కార్క్ బెరడు మీదే స్టాంపు అచ్చేసింది. అన్నిటిలోకీ నాకు అదే నచ్చింది. ఆ బెరడు కోసం చెట్టును కొట్టరు, ఒలుస్తారు. ఒకసారి ఒలిచాక మళ్లీ కత్తి పెట్టడానికి కనీసం తొమ్మిదేళ్లు ఆగుతారు. బెరడు చారలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఏ రెండు స్టాంపులూ అచ్చంగా ఒకేలా ఉండవు. చెట్టు గురించి ఇంత బాగా చెప్పిన స్టాంపును నేనెరగను.

అయితే పులులకూ, అరుదైన ఆర్కిడ్లకూ దొరికే చోటు బస్టాపు పక్కన నీడనిచ్చే చెట్టుకు దొరకడం తక్కువ. అమెరికా 1969లో దొరకనిచ్చింది. నగరాలు, పార్కులు, రహదారులు, వీధులు మరింత అందంగా ఉండేందుకు మొక్కలు నాటండి అంటూ నాలుగు స్టాంపులు పక్కపక్కనే అచ్చేసింది. వీధుల స్టాంపు మీద విరగబూసిన క్రాబ్ ఆపిల్ చెట్లు బారులు తీరి ఉంటాయి. ఒక్కోదాని విలువ ఆరు సెంట్లు. అప్పట్లో మామూలు ఉత్తరానికి సరిగ్గా అంతే పట్టేది. అంటే దాచుకునేవాళ్లకే కాదు, ఉత్తరం రాసే ప్రతివాళ్లకూ పనికొచ్చిన స్టాంపులవి.

స్మారక స్టాంపును ఒక విడత అచ్చేసి వదిలేస్తారు. నిత్యవాడుక స్టాంపును అవసరమైనప్పుడల్లా ఏళ్ల తరబడి వేస్తూనే ఉంటారు. తపాలా శాఖలు నగరపు చెట్లను ఈ రెండో రకం మీద, అదీ తక్కువ విలువ వాటి మీద వేయాలి. ఆకు, పువ్వు, కాయ పోల్చుకునేలా బొమ్మ ఉండాలి, కింద చెట్టు పేరు ఉండాలి. రోజూ దాని కిందుగా నడిచేవాళ్లకు పేరు తెలిస్తే, రోడ్డు వెడల్పు చేస్తామని గొడ్డలి తెచ్చిన రోజున "ఏదో చెట్టులే" అని ఊరుకోరు.

స్టిక్కరు స్టాంపుల వెనక ఒలిచి పారేసే నున్నటి కాగితానికి సాధారణంగా సిలికాన్ పూత ఉంటుంది. మామూలు కాగితంతో కలిపి దాన్ని రీసైకిల్ చేయడం కష్టం. పచ్చదనం మీద వేసే స్టాంపులకైనా తడిచేసి అంటించే పాత జిగురే వాడితే బాగుంటుంది.

కౌంటర్లో స్టాంపు బదులు అచ్చు చీటీ అంటించి పంపేయడం ఎక్కువైంది. పని తొందరగా తెములుతుంది, నిజమే. అయినా మామూలు ఉత్తరం తెచ్చినవాళ్లను "స్టాంపు కావాలా?" అని ఒక్కమాట అడగమని సిబ్బందికి చెప్పాలి. వచ్చే ఏడాది స్టాంపుల జాబితా ఖరారు చేసేముందు, తమ వీధిలో ఏ చెట్టును స్టాంపు మీద చూడాలనుకుంటున్నారో ప్రజల్ని అడిగి తెలుసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు